తెర మీదికి రాని సినిమాపై తీర్పు

1958 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జె.ఆర్.ఆర్. టోల్కీన్ అమెరికాకు ఒక సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవలను సినిమాగా తీయాలన్న ప్రతిపాదన, దానికోసం మోర్టన్ గ్రేడీ జిమ్మర్‌మన్ తయారుచేసిన కథాసంగ్రహం అప్పటికి ఆయన చేతికి అందాయి. ఆ ప్రతిని ఆయన అక్షరమక్షరం పరీక్షించాడు. మహా గరుడపక్షులను అవసరం ఉన్నా లేకున్నా వాహనాలుగా వాడుకోవడం, నవలలో ఖడ్గం ఒర దాటని సన్నివేశంలో యుద్ధం పెట్టడం, ఎల్ఫులు ప్రయాణానికి కట్టి ఇచ్చే లెంబాస్ రొట్టెను సాంద్రీకృత ఆహారంగా మార్చడం, బోరొమిర్ పేరును సైతం తప్పుగా రాయడం ఆయనకు భరించరానివయ్యాయి. అవన్నీ వరుసగా ఎత్తిచూపాడు. చివరకు ఆ సినిమా తీయనేలేదు. సినిమా లేకపోయినా దానిపై వచ్చిన విమర్శ మాత్రం నిలిచింది. 1981లో హంఫ్రీ కార్పెంటర్ సంపాదకత్వంలో వెలువడిన టోల్కీన్ లేఖల సంపుటిలో ఆ ఉత్తరాన్ని ఈనాటికీ చదువుకోవచ్చు.

ఉత్తరం అందుకున్నవాడు లాస్ ఏంజెలెస్ వాసి ఫారెస్ట్ జె. ఆకర్‌మన్. ఆ వ్యవహారంలో అతను సినిమావారి తరఫు మధ్యవర్తి. అంతకంటే ముందు, అంతకంటే ఎక్కువగా అభిమాని. వైజ్ఞానిక కల్పనలను, అద్భుత కథలను చదివి, వాటి బొమ్మలను, పత్రికలను పోగుచేసి, రాబోయే సినిమాల కబుర్లతో జీవితం గడిపినవాడు. కాబట్టి ఆ ఉత్తరానికి ఒక కొసన తన కథను కాపాడుకోవాలనుకునే రచయిత ఉంటే, మరో కొసన ఆ కథను ఎలాగైనా తెర మీద చూడాలని తహతహలాడే అభిమాని ఉన్నాడు. ఇద్దరిదీ ప్రేమే. ఇద్దరి మాటా ఇంకా పుట్టని సినిమా గురించే.

మన ఆలంకారికులు కావ్యాన్ని ముందు నిలిపి, సహృదయుణ్ణి దాని ఎదుట కూర్చోబెట్టారు. కావ్యం లేనిదే రసానుభూతి లేదు, రసానుభూతి లేనిదే విమర్శ లేదు. వైజ్ఞానిక కల్పనల అభిమాని ఇరవయ్యో శతాబ్దంలో ఈ వరుసను తలకిందులు చేశాడు. సినిమా ప్రకటన వెలువడిన రోజు నుంచి విడుదలయ్యే రోజు వరకు ఉండే ఖాళీలోనే అతని అభిప్రాయాలు పుడతాయి. ఒక ఛాయాచిత్రం, నటుడి పేరు, దర్శకుడి పాత చిత్రాలు, ఎవరో చెప్పిన గాలికబురు: అతని చేతిలో ఉన్న ఆధారాలు ఇంతే. ఈ స్వల్ప లక్షణాలతోనే అతడు రోగనిర్ణయం చేసి, రోగి భవిష్యత్తునూ చెబుతాడు. ఈ అలవాటు ఎప్పుడు మొదలైంది, దాన్ని ఎవరు విన్నారు, విన్నవారు దాన్ని ఏం చేశారు అన్నది తెలుసుకోదగిన చరిత్ర.

దీని మొదలు సినిమాలో కాక పత్రికలో ఉంది. లక్సెంబర్గ్‌లో పుట్టి అమెరికాకు వలస వచ్చిన హ్యూగో గెర్న్స్‌బాక్ 1926 ఏప్రిల్‌లో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రిక ప్రారంభించాడు. కేవలం వైజ్ఞానిక కల్పనల కోసమే వెలువడిన తొలి ఆంగ్ల మాసపత్రికగా దాన్ని చెబుతారు. అందులో పాఠకుల లేఖలతోపాటు వారి చిరునామాలూ అచ్చయ్యేవి. ఈ చిన్న పనికి పెద్ద ఫలితం వచ్చింది. పాఠకులు సంపాదకుణ్ణి దాటి ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోసాగారు. ఊరూరా సంఘాలు ఏర్పడ్డాయి. మన లిఖిత పత్రికల మాదిరిగా, సైక్లోస్టైల్ చేసిన చిన్న పత్రికలు చేతులు మారాయి. ఎక్కడో ఒంటరిగా ఇలాంటి కథలు చదువుకుంటున్న కుర్రవాడికి తనలాంటివారు ఇంకా ఉన్నారని తెలిసింది. అభిమాని అభిప్రాయం ఒక వ్యక్తి గొణుగుడుగా ఉన్న దశ దాటి, ఒక సమాజపు సంభాషణ అయింది.

అదే కాలంలో సినిమా వైపు నుంచి మరో సంఘటన జరిగింది. 1927 జనవరిలో బెర్లిన్‌లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘మెట్రొపొలిస్’ విడుదలైంది. ఆ ఏప్రిల్‌లో ‘న్యూయార్క్ టైమ్స్’లో హెచ్.జి. వెల్స్ దాన్ని చీల్చి చెండాడాడు. భవిష్యత్తు నగరంలో యంత్రాలు పెరిగేకొద్దీ శ్రామికుల బానిసత్వం పెరుగుతుందన్న చిత్రణ ఆయనకు పరమ అజ్ఞానంగా తోచింది. తరువాత తన సొంత కథకు చిత్రానువాదం రాసే అవకాశం అలెగ్జాండర్ కోర్డా ద్వారా ఆయనకే దక్కింది. ‘థింగ్స్ టు కమ్’ నిర్మాణ సమయంలో, ‘మెట్రొపొలిస్’లో లాంగ్ ఏది చేశాడో దానికి సరిగ్గా వ్యతిరేకమైనదే ఇక్కడ కావాలని వెల్స్ పనివారికి రాతపూర్వకంగా చెప్పాడు. 1936లో వచ్చిన ఆ చిత్రంలో నగరాలు అందంగా ఉన్నాయి, మనుషులు ఉపన్యాసాలు ఇచ్చారు. సిద్ధాంతం సరైనదైనంత మాత్రాన సినిమా గొప్పదైపోదు. ఈనాడు ప్రపంచం ‘మెట్రొపొలిస్’నే ఎక్కువగా తలుచుకుంటోంది. వెల్స్ వంటి ద్రష్ట సైతం తెర విషయంలో జోస్యం తప్పాడు.

ఆకర్‌మన్‌కు ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్నీ వదులుకోవలసిన అవసరం కలగలేదు. ‘మెట్రొపొలిస్’ అతనికి జీవితమంతా ప్రాణం. 1939 జూలైలో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రపంచ వైజ్ఞానిక కల్పనల సమావేశానికి మాత్రం ‘థింగ్స్ టు కమ్’ ప్రేరణతో కుట్టిన భవిష్యత్ దుస్తులు ధరించి వెళ్లాడు. ఆ దుస్తులు కుట్టింది అతనితోపాటు అవే తరహా దుస్తుల్లో వచ్చిన మిర్టిల్ డగ్లస్. తాను ప్రేమించిన కల్పనను ఒంటి మీద వేసుకుని నలుగురిలోకి రావడం ఆనాడు కొత్త. 1954లో ‘హై-ఫై’ అన్న మాటను అనుకరిస్తూ ‘సై-ఫై’ అన్న పొట్టిపేరు అతనే ప్రచారంలోకి తెచ్చాడు. 1958లో, అంటే టోల్కీన్ ఉత్తరం అందిన ఏడాదే, ప్రచురణకర్త జేమ్స్ వారెన్‌తో కలిసి ‘ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్’ పత్రిక ప్రారంభించాడు. పాత చిత్రాల బొమ్మలు, రాబోయే చిత్రాల వార్తలు, పిల్లలకు నచ్చే శ్లేషలతో నిండిన ఆ పత్రిక ఒక తరానికి నిరీక్షించడం నేర్పింది.

నిరీక్షణకు ధర ఉందని సినీ వ్యాపారులు అప్పటికే కనిపెట్టారు. చంద్రయానాన్ని శాస్త్రబద్ధంగా చూపాలన్న సంకల్పంతో జార్జ్ పాల్ ‘డెస్టినేషన్ మూన్’ నిర్మాణం మొదలుపెట్టాడు. రచయిత రాబర్ట్ హైన్‌లైన్ చిత్రానువాదంలో, సాంకేతిక సలహాలో పాలుపంచుకున్నాడు. చంద్రతలాన్ని చెస్లీ బోన్‌స్టెల్ చిత్రించాడు. విడుదలకు చాలా ముందు నుంచే పత్రికలు ఈ చిత్రం గురించి విస్తారంగా రాశాయి. ఆ ఆసక్తిని చూసిన మరో సంస్థ తక్కువ ఖర్చుతో, సుమారు మూడు వారాల్లో ‘రాకెట్‌షిప్ ఎక్స్-ఎమ్’ను చుట్టేసింది. 1950 మే నెలలో అది థియేటర్లకు వచ్చేసింది. ‘డెస్టినేషన్ మూన్’ దాదాపు నెల తరువాత విడుదలైంది. ఒకరు నాటిన నిరీక్షణను మరొకరు కోసుకున్నారు. అభిమాని ఎదురుచూపు కూడా దొంగిలించదగిన సొత్తేనని ఆ ఏడాది రుజువైంది.

అభిమాని మాట నిర్మాతల నిర్ణయాన్ని మార్చిన తొలి ప్రసిద్ధ సందర్భం టెలివిజన్‌ది. 1966 సెప్టెంబరులో ఎన్‌బీసీలో మొదలైన ‘స్టార్ ట్రెక్’ రెండో ఏడాదే ఆగిపోతుందన్న కబురు వినిపించింది. బ్జో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ దంపతులు అభిమానుల చిరునామాలు సేకరించి ఉత్తరాల ఉద్యమం నడిపారు. ఎవరి మాటల్లో వారు, మర్యాదగా, విడివిడిగా రాయాలని వారు పంపిన సూచనల్లో మంచి వివేకం ఉంది. అచ్చు వేసిన వంద కాగితాల కంటే చేత్తో రాసిన ఒక్క ఉత్తరానికి విలువ ఎక్కువని వారికి తెలుసు. సంస్థ కార్యాలయానికి సంచులకొద్దీ టపా చేరింది. 1968 మార్చిలో ధారావాహిక కొనసాగుతుందని తెర మీదే ప్రకటించవలసి వచ్చింది. అయినా గెలుపు ఎంతోకాలం నిలవలేదు. 79 భాగాలతో 1969లో అది ఆగిపోయింది.

ఆగిపోయాకే అసలు నిరీక్షణ మొదలైంది. 1972 జనవరిలో న్యూయార్క్‌లో ‘స్టార్ ట్రెక్’ అభిమానుల సమావేశం జరిగింది. కొన్ని వందల మంది వస్తారని నిర్వాహకులు అనుకుంటే మూడు వేలకు పైగా వచ్చారు. 1976లో అమెరికా తొలి అంతరిక్ష షటిల్ నమూనాకు, అభిమానుల ఉత్తరాల ఫలితంగా, ధారావాహికలోని నౌక పేరు ‘ఎంటర్‌ప్రైజ్’ పెట్టారు. అది రోదసిలోకి వెళ్లని పరీక్షా వాహనమే కావచ్చు. కల్పనలోని ఒక పేరు ప్రభుత్వ వాహనం మీదికి ఎక్కింది. 1979 డిసెంబరులో రాబర్ట్ వైజ్ దర్శకత్వంలో సినిమా వచ్చేసరికి ఆ ఎదురుచూపు వయసు పదేళ్లు. అంతకాలం కోరుకున్నది కళ్ల ముందుకు వచ్చినప్పుడు సినిమా మరీ నిదానంగా ఉందన్న నిట్టూర్పు చాలామంది నుంచి వినిపించింది. పదేళ్లు మనసులో తీసుకున్న సినిమాతో ఏ సినిమా పోటీపడగలదు?

రెండో చిత్రం దగ్గర అభిమాని అభిప్రాయం మరో మలుపు తిరిగింది. ‘ది రాత్ ఆఫ్ ఖాన్’లో స్పాక్ మరణిస్తాడన్న రహస్యం చిత్రీకరణకు ముందే బయటకు పొక్కింది. నిరసన ఉత్తరాలు వెల్లువెత్తాయి. తొలి ప్రతుల్లో ఆ మరణం కథ మొదట్లోనే, హఠాత్తుగా వచ్చేది. దాన్ని చివరకు జరిపారు. దర్శకుడు నికొలస్ మేయర్ ఇంకో ఎత్తు వేశాడు. చిత్రం ప్రారంభంలోనే స్పాక్ నేలకొరుగుతాడు. అది శిక్షణార్థుల పరీక్ష కోసం ఆడిన నాటకమని మరుక్షణం తెలుస్తుంది. భయపడుతూ వచ్చిన ప్రేక్షకుడు హమ్మయ్య అనుకుని స్థిమితపడతాడు. అలా నిశ్చింతగా ఉన్నవాడికి చివర నిజమైన మరణం ఎదురవుతుంది. అభిమానుల ఆందోళన కథను ఆపలేదు. కథకుణ్ణి మరింత జాగ్రత్తగా కథ చెప్పేలా చేసింది. 1982 జూన్‌లో విడుదలైన ఆ చిత్రాన్ని ఆ వరుసలో ఉత్తమమైనదిగా చాలామంది అభిమానులు నేటికీ లెక్కిస్తారు. వారిలో ఆనాడు వద్దని ఉత్తరాలు రాసినవారూ ఉండే ఉంటారు.

అంతకు ముందే, 1976లో, వ్యాపారం అభిమాని గుమ్మం ముందుకు తానే నడిచి వచ్చింది. ‘స్టార్ వార్స్’ ప్రచార బాధ్యత చూసిన చార్లెస్ లిపిన్‌కాట్ స్వయంగా ఇలాంటి కథల పాఠకుడు. ఆ జూలైలో శాన్ డియాగో కామిక్-కాన్‌లో, సెప్టెంబరులో కాన్సస్ సిటీలో జరిగిన ప్రపంచ వైజ్ఞానిక కల్పనల సమావేశంలో, ఎవరూ వినని ఈ సినిమా గురించి అతడు అభిమానులకు చెప్పాడు. కాన్సస్ సిటీలో డార్త్ వేడర్ వేషాన్ని ప్రదర్శనకు పెట్టారు. అప్పటికి ఆ పేరు ఎవరికీ తెలియదు. జార్జ్ లూకాస్ పేరుతో, అలన్ డీన్ ఫాస్టర్ రాసిన నవలారూపం ఆ ఏడాది చివరకే అచ్చయింది. సినిమా రాకముందే మొదటి ముద్రణ చెల్లిపోయింది. 1977 మే 25న కేవలం 32 థియేటర్లలో విడుదలైన చిత్రం ముందు బారులు తీరినవారిలో కథ ముందే చదువుకుని వచ్చినవారు ఉన్నారు. అంతవరకు అభిమాని తలుపు తట్టేవాడు, స్టూడియో తెరవాలో వద్దో ఆలోచించేది. ఆ తరువాత తట్టే చేయి మారింది.

అభిమాని తీర్పు ఎప్పుడూ న్యాయంగా ఉంటుందని అనుకోనక్కరలేదు. టిమ్ బర్టన్ ‘బ్యాట్‌మన్’కు మైకేల్ కీటన్‌ను ఎంపిక చేసినప్పుడు హాస్యనటుడికి ఆ పాత్ర ఏమిటని వార్నర్ సంస్థకు వేలాది నిరసన ఉత్తరాలు వచ్చాయి. 1989 జూన్‌లో చిత్రం విడుదలయ్యాక ఆ గోడు సద్దుమణిగింది. ఇది అమెరికావారికే పరిమితమైన అనుభవం కాదు. 1956లో ‘సొంతవూరు’లో ఎన్.టి. రామారావు గారు కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే ప్రేక్షకులు మెచ్చలేదు. ఆ చేదుతో ‘మాయాబజార్’లో కృష్ణపాత్ర వేయడానికి ఆయన సంకోచించారు. కె.వి. రెడ్డి గారు పట్టుబట్టి ఒప్పించారు. 1957 మార్చిలో ఆ చిత్రం వచ్చాక తెలుగువారికి కృష్ణుడంటే మరో రూపం మనసుకు రావడమే కష్టమైంది. నటుణ్ణి చూడకముందు వేసే అంచనాలో ఉండేది మన మనసులోని బొమ్మ మాత్రమే. గొప్ప నటుడు ఆ బొమ్మను చెరపకుండానే దాని స్థానంలో కూర్చుంటాడు.

టోల్కీన్ నవల తెరకెక్కడం ఈ చరిత్రలో అతి దీర్ఘమైన అధ్యాయం. 1957లో ఆకర్‌మన్ బృందం చూపిన నమూనా చిత్రాలు ఆయనకు నిజానికి నచ్చాయి. డిస్నీ ధోరణిలో కాక ఆర్థర్ రాక్‌హామ్ బొమ్మలను తలపిస్తున్నాయని సంతోషించాడు. కథాసంగ్రహం దగ్గరే బెడిసికొట్టింది. 1969లో హక్కులు యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కు అమ్ముడుపోయాయి. 1973లో ఆయన కన్నుమూశాడు. 1978లో రాల్ఫ్ బక్షీ తీసిన యానిమేషన్ చిత్రం కథను సగంలో వదిలేసింది. 1998 ఆగస్టులో న్యూజీలాండ్ దర్శకుడు పీటర్ జాక్సన్ చేతికి ఈ పని వచ్చిందని ప్రకటన వెలువడింది. ప్రకటన వచ్చిన కొద్దిరోజులకే జాక్సన్ ఇంటర్నెట్‌లో అభిమానుల ప్రశ్నలు ఇరవైకి జవాబులు ఇచ్చాడు. టామ్ బాంబడిల్ ఉంటాడా, ఆర్వెన్ పాత్రను పెంచుతారా, హాబిట్ల పొట్టితనం ఎలా చూపుతారు అన్నవి ఆ రోజుల్లో అభిమానుల నడుమ రగిలిన చర్చలు. పరిశీలిస్తే ఇవన్నీ నలభై ఏళ్ల నాటి టోల్కీన్ ఉత్తరంలోని ఆందోళనకు సంతానమే.

చిత్రీకరణ 1999 అక్టోబరు నుంచి 2000 డిసెంబరు వరకు 274 రోజులు సాగింది. సెట్ల చుట్టుపక్కల తిరిగి వార్తలు సేకరించిన అభిమానికి మొదట అతిక్రమణ నోటీసు అందింది. తరువాత అదే నిర్మాణసంస్థ నుంచి అతిథిగా ఆహ్వానం అందింది. 2000 ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌లో ఉంచిన తొలి ప్రచార చిత్రాన్ని 24 గంటల్లో 17 లక్షల సార్లు దింపుకున్నారు. హెల్మ్స్ డీప్ యుద్ధంలో ఆర్వెన్ కత్తి పట్టే దృశ్యాలు కొన్ని చిత్రీకరించి, పిమ్మట విరమించుకున్నారు. కారణం అభిమానుల గగ్గోలు ఒక్కటే అనడం అతిశయోక్తి అవుతుంది. ఆ గగ్గోలు నిర్మాతల చెవిన పడలేదనడమూ సరికాదు. ఈ కథలో చూడముచ్చటైన ముడి ఒకటుంది. ‘ఫేమస్ మాన్‌స్టర్స్’ చదువుతూ పెరిగిన పిల్లల్లో పీటర్ జాక్సన్ ఒకడు. 1992లో అతను తీసిన ‘బ్రెయిన్‌డెడ్’లో ఒక క్షణం పాటు కెమెరా పట్టుకుని కనిపించే పెద్దమనిషి ఎవరో కాదు, టోల్కీన్ ఉత్తరం అందుకున్న ఆకర్‌మనే.

2001 డిసెంబరులో మొదటి భాగం విడుదలై కోట్లాది మందిని మెప్పించింది. ఒక్కరిని మెప్పించలేదు. రచయిత కుమారుడు, తండ్రి రాతప్రతులకు జీవితాన్ని ధారపోసిన క్రిస్టఫర్ టోల్కీన్ 2012లో ఫ్రెంచి పత్రిక ‘లె మోండ్’తో మాట్లాడుతూ, తండ్రి గ్రంథంలోని గాంభీర్యాన్ని తీసేసి దాన్ని కుర్రకారు పోరాట చిత్రంగా మార్చారన్న వేదనను వెలిబుచ్చాడు. 1958 నాటి వివాదం ఇలా తీర్పు లేకుండానే నిలిచి ఉంది. పుస్తకాన్ని ప్రేమించినవారు సినిమాను కోరారు, పుస్తకాన్ని ప్రేమించినవారే సినిమాను తిరస్కరించారు.

తెలుగువారికి ఈ చరిత్రతో రెండు చోట్ల నేరుగా చుట్టరికం ఉంది. వెల్స్ 1895లో ప్రచురించిన ‘ది టైమ్ మెషీన్’ను కళాశాల రోజుల్లో చదివిన ఒక తెలుగు యువకుడు దాన్ని మనసులో దాచుకున్నాడు. ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన ఆ సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో ‘ఆదిత్య 369’ తీశారు. కాలయంత్రం శ్రీకృష్ణదేవరాయల సభలో దిగింది. పుస్తకానికి, తెరకు నడుమ దశాబ్దాల నిరీక్షణ ఒక పాఠకుడి లోపలే సాగింది. మరొకటి 2023 జూలైలో జరిగింది. నాగ్ అశ్విన్ దర్శకత్వంలోని ‘కల్కి 2898 ఏడీ’ పేరును, తొలి దృశ్యాలను శాన్ డియాగో కామిక్-కాన్‌లోనే ప్రకటించారు. లిపిన్‌కాట్ ‘స్టార్ వార్స్’ గురించి చెప్పిన సమావేశమే అది, 47 ఏళ్ల తరువాత. 2024 జూన్‌లో చిత్రం వచ్చేలోగా అశ్వత్థామ నుదుటి మణి గురించి, కలియుగాంతం గురించి, కర్ణుడి ప్రస్తావన ఉంటుందా అన్న దాని గురించి దేశవిదేశాల్లోని తెలుగు అభిమానులు జరిపిన వాదోపవాదాల్లో భారతం తెలిసినవారి పట్టుదల కనిపించింది. కథ ముందే తెలిసి, చెప్పే తీరు కోసం ఎదురుచూడడం హరికథల నాటి నుంచి మనకు అలవాటే.

మిగిలిన ప్రశ్న భద్రతకు సంబంధించినది. అమెరికా అభిమానుల సైక్లోస్టైల్ పత్రికలు ఈనాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ గ్రంథాలయంలోని ఈటన్ సంగ్రహం వంటి చోట్ల భద్రంగా ఉన్నాయి. అందువల్లే ఒక తరం దేనికోసం ఎదురుచూసిందో, దేనికి భయపడిందో చరిత్రకారుడు రాయగలుగుతున్నాడు. వచ్చిన సినిమా నెగెటివ్‌లో ఉంటుంది. ఎదురుచూసిన సినిమా ఉండేది ఆ కాగితాల్లోనే. ‘విజయచిత్ర’, ‘జ్యోతిచిత్ర’, ‘సితార’ పాత సంచికల్లోని పాఠకుల ప్రశ్నలను, ఇప్పుడు రోజుకొకసారి పుట్టి మాయమవుతున్న తెలుగు అభిమానుల రాతలను అదే శ్రద్ధతో ఒకచోట చేర్చే పని చేయవలసినంతగా జరగలేదు. పాత సంచికలు అటకల మీద చెదలకు ఆహారమవుతున్నాయి. కొత్త రాతలకు ఆ అటకైనా లేదు.